ఇల్లూ కార్ఖానా ఒకే కప్పు కింద: సందేహాలు - సమాధానాలు

ఇంట్లోనే పని పెట్టుకున్నవాళ్లు, పెట్టుకోబోతున్నవాళ్లు రాసిన ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. దాదాపు అన్నింట్లోనూ ఒకటే భయం: మా పని మా ఇంట్లోవాళ్లకు కీడు చేస్తుందేమోనని. ముందుగా ఒక్క మాట. చప్పుడు, వాసన, ఇరుకు చిరాకు పెడతాయి, సర్దుకుంటే తగ్గుతాయి. ధూళి, పొగ, నిప్పు, యాసిడ్ మాత్రం గడప దాటి ఇంట్లోకి రాకూడదు. ఇంటి ప్లాను గీసేటప్పుడు నేను మొదట చూసుకునేది ఈ తేడానే.

ఉప్పల్‌లో కింద వడ్రంగి షెడ్డు, పైన మా ఇల్లు. రంపం మిషను నడిచినంతసేపూ పొట్టు లోపలి మెట్ల మీదుగా పైకి వస్తోంది. నా భార్యకు ఇప్పుడు ఆరో నెల. బిడ్డకు ఏమైనా అవుతుందా? ఇల్లు ఖాళీ చేయాలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

ఇల్లు ఖాళీ చేయాల్సిన పనేం లేదు, కంగారు పడకండి. కంటికి కనిపించే పొట్టు బరువుగా ఉంటుంది, నేల మీద పడిపోతుంది. గాలిలో గంటల తరబడి తేలేది ఉప్పు కాగితం పట్టేటప్పుడు లేచే మెత్తటి పొడి. లోపలి మెట్ల దగ్గర రబ్బరు అంచున్న తలుపు పెట్టించి, దాన్ని మూసే ఉంచండి, పైకి వెళ్లడానికి బయటి మెట్లు వాడండి. మిషనుకు పొట్టు లాగే గొట్టం తగిలించండి, పని బట్టలు కిందే విడిచి పైకి వెళ్లండి. మీ ఆవిడ విషయంలో పొట్టుకన్నా పాలిష్‌లో కలిపే థిన్నర్ ఆవిరి గురించే ఎక్కువ జాగ్రత్త కావాలి. కాన్పు అయ్యేదాకా పాలిష్ పని వేరే చోట చేయించండి. డాక్టరుకు కూడా మీ పని ఫలానా అని చెప్పండి.

ఇక మీ సంగతి. టేకు కోసిన రోజున తుమ్ములు రావడం మామూలే. సెలవు రోజున తగ్గి, పనిలోకి దిగగానే మళ్లీ మొదలయ్యే దగ్గు, పిల్లికూతలు, వారాల తరబడి ఒకే వైపు ముక్కు దిబ్బడ, ముక్కులోంచి రక్తం, ఇవి మామూలు కావు. చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో 1995లోనే చేర్చారు. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు ఎక్కువగా ముక్కు, దాని చుట్టూ ఉండే గదుల్లో ఈ జబ్బు కనిపించింది. అరుదైన జబ్బే, కానీ మంచి మాస్కుతో ముందే అడ్డుకోగలిగిన జబ్బు. తువ్వాలు కట్టుకుంటే మెత్తటి పొడి ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.

పట్టుచీరలు నేస్తాం. అప్పు చేసి కొత్త ఇల్లు కడుతున్నాం. మేస్త్రి స్లాబు పదడుగులకే వేస్తానంటున్నాడు. జాకార్డ్ పెట్టె పట్టదని మా నాన్న, ఎత్తు పెంచితే ఖర్చు భరించలేమని నేను. రోజూ ఇంట్లో ఇదే గొడవ.
— ఒక పాఠకుడు, ధర్మవరం

మీ నాన్నగారి మాట వినండి. స్లాబు పడ్డాక ఎత్తు పెంచడం కుదరదు. జాకార్డ్ పెట్టె మగ్గం పైన కూర్చుంటుంది, దానిమీద అట్టలు తిరగాలి, అవి చిక్కుపడితే మనిషి పైకెక్కి చెయ్యి ఆడించగలగాలి. మగ్గం నిలిపే చోట పదమూడు అడుగుల దాకా ఎత్తు ఉంటే ఈ పనులన్నీ ఇబ్బంది లేకుండా సాగుతాయి. అయితే ఇల్లంతా ఆ ఎత్తు అక్కర్లేదు, ఆ ఒక్క గదికి చాలు. కాబట్టి ఖర్చు మీరు భయపడినంత ఉండదు.

ఫ్రాన్సులో లియోన్ నగరం పట్టునేతకు పేరు. అక్కడ క్రువా-రూస్ అనే పేట ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో జాకార్డ్ మగ్గాలు వచ్చాక వాటికోసమే దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు గదులతో, పొడవాటి కిటికీలతో అక్కడ ఇళ్లు కట్టారు. మగ్గం ఒక పక్క ఉంటే, గదిలో మిగిలిన వైపు చెక్క అటక వేసుకుని దానిమీద కుటుంబం పడుకునేది. ఆ ఇళ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. మీరూ అలాగే మగ్గం లేని వైపు ఏడడుగుల దగ్గర అటక వేయించుకుంటే, ఎత్తుకు పెట్టిన డబ్బు పడక రూపంలో తిరిగి వస్తుంది. ఒక్క జాగ్రత్త: పడుకున్నవాళ్లకు గాలి ఆడేలా అటక దగ్గర చిన్న కిటికీ తప్పనిసరి.

మాది గుంట మగ్గం. వానాకాలం గుంటలో చెమ్మ పట్టి గోడలకు తెల్లగా ఉప్పు తేలుతోంది. ఇల్లు కూలుతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు, మంగళగిరి

నిద్రపోండమ్మా, ఆ తెల్లటి ఉప్పుకు ఇల్లు కూలదు. నేలలోని చెమ్మ గోడ గుండా పైకెక్కి ఆరిపోతే మిగిలేది అదే, గుంటల్లో అది మామూలు. పైగా కాస్త చెమ్మ నూలుకు మంచిది, పోగు తెగదు. మన పెద్దవాళ్లు నేలలో కూర్చుని నేయడానికి అదీ ఒక కారణం.

కంగారు పడాల్సింది గుంటలో నీళ్లు నిలిస్తే. రెండు రోజులైనా ఇంకకపోతే, గుంట అంచు మెత్తబడి ఇటుక కదులుతుంటే అది ప్రమాదమే. గుంట పక్కనుంచి కరెంటు తీగ వెళుతుంటే, ముందు మెయిన్ ఆపి అప్పుడు దిగండి. మళ్లీ కట్టుకునే అవకాశం వస్తే రోడ్డు మట్టం మీద నుంచి గది నేలను గుంట లోతంత, అంటే రెండున్నర మూడడుగులు లేపండి. అప్పుడు గుంట అడుగు రోడ్డుకు సమంగా వస్తుంది, వీధి నీళ్లు దారి తీయవు. మున్సిపాలిటీ రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుతుంటుంది కనుక ఇంకో అరడుగు కలుపుకోవడం మంచిది.

ఇంట్లోనే బంగారు పని చేస్తాను. పనిగదికి, వంటగదికి మధ్య కర్టెన్ ఒక్కటే. మా బాబుకు రెండేళ్లు. మొన్న యాసిడ్ సీసా దాకా పాకాడు. అప్పటినుంచి చేతులు వణుకుతున్నాయి.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

బాబుకు ఏమీ కాలేదు కదా, ముందు ఊపిరి పీల్చుకోండి. మీ భయం న్యాయమైనదే, దాన్ని ఈ వారంలోనే పనిగా మార్చేద్దాం. కర్టెన్ తీసేసి సగానికి సగం తెరుచుకునే తలుపు పెట్టించండి. కింది సగం ఎప్పుడూ గడియ వేసి ఉంచండి, గడియ బయటికి కాకుండా లోపలి పక్కన ఎత్తులో ఉండాలి. పై సగం తెరిచి ఉంచితే ఇంట్లోవాళ్లు మీకు కనిపిస్తూనే ఉంటారు. యాసిడ్‌ను నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఒక్క పూటకైనా పోయొద్దు. మన ఊళ్లలో జరిగే ఘోరాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి. ఎప్పుడైనా చర్మం మీద పడితే ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. మింగితే వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేసి సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి.

పొగ సంగతి కూడా చెప్పాలి. యాసిడ్‌లో లోహం వేసినప్పుడు లేచే గోధుమరంగు పొగకు అప్పటికప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గిపోతుంది, ఏమీ లేదనుకుంటాం. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, ఆయాసం మొదలవుతుంది. అలా జరిగితే తెల్లవారేదాకా ఆగకూడదు. కేడీఎం టంకంలో ఉండే కాడ్మియం పొగ కూడా ఇలాగే మోసం చేస్తుంది, సాయంత్రం జ్వరం వచ్చినట్టు ఉంటుంది, ఆ తర్వాత ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. కాడ్మియం లేని టంకం దొరుకుతోంది, దానికి మారండి. యాసిడ్ పని చేసే బల్లను బయటి గోడకు ఆనించి, పొగ మీ ముఖం మీదుగా కాకుండా అటే పోయేలా ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి.

గ్యాస్ సిలిండర్ ఉంటే దాన్ని బయట గూట్లో నిలువుగా ఉంచండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు కనుక కారితే నేలబారునే పేరుకుంటుంది. అందుకే పై కిటికీ ఒక్కటే చాలదు, గోడలో నేలకు ఆనుకుని ఒక జాలీ కూడా కావాలి.

ఫ్లాటులో మగ్గం వర్క్ చేస్తూ రెండు కుట్టుమిషన్లు పెట్టాను. చప్పుడని కింది ఇంటివాళ్లు పోలీసులకు చెబుతామంటున్నారు. పని మానేయాల్సి వస్తుందా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

అంతదాకా రాదు. కుట్టుమిషను నుంచి గాలిలో వచ్చే చప్పుడు తక్కువే, కింది ఇంటిని బాధించేది స్లాబులోకి దిగే అదురు. మిషను కాళ్ల కింద అర అంగుళం మందం రబ్బరు పలకలు వేసి, ఉమ్మడి గోడకు బెత్తెడు ఎడంగా జరపండి. ఆ తర్వాత కింది ఇంటావిడను పిలిచి, ఆవిడ పడకగది ఎటు ఉందో అడిగి, మిషన్లను దానికి దూరంగా పెట్టండి. శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. రాత్రి తొమ్మిదికల్లా మిషన్లు ఆపేసి, ఆ తర్వాత చేతిసూది పని ఒక్కటే ఉంచుకుంటే చాలావరకు గొడవ చల్లారుతుంది.

నలభై రెండేళ్లు. టైలరింగ్ చేస్తాను. సాయంత్రానికి కళ్లు మంటలు, సూదిలో దారం ఎక్కదు. చూపు పోతోందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

ఈ వయసులో దారం ఎక్కకపోవడం చత్వారమే కావచ్చు, అది అందరికీ వచ్చేదే. అద్దాలు పెట్టించుకోండి. ఉన్నట్టుండి కంట్లో పోటు, దీపం చుట్టూ రంగుల వలయాలు, మెరుపులు, నల్లటి తెర దిగినట్టు ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి.

ఇంటి వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. మిషనును ఉత్తరపు కిటికీ దగ్గరికి మార్చండి, వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది, గుడ్డ రంగు తేడా రాదు. ఉత్తరానికి ఎండే రాదని పుస్తకాల్లో రాస్తారు కానీ మన దగ్గర అది పూర్తిగా నిజం కాదు. విజయవాడలో మే మొదటి వారం దాటాక ఆగస్టు తొలి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీలోకి పడుతుంది. రెండడుగుల సజ్జ, రెండు పక్కలా నిలువు పలకలు ఉంటే ఆ మూడు నెలలూ గడిచిపోతాయి. కుడిచేతి వాటం అయితే వెలుతురు ఎడమ నుంచి రావాలి.

ఇక్కత్ నేస్తారు మా ఇంట్లో. ముందు గదిలో మగ్గం, మధ్య గదిలో పోగు చుట్టే ఆసు, వంటింట్లో నేను. చీరలు చూడటానికి వచ్చినవాళ్లు నేరుగా పొయ్యి దాకా వచ్చేస్తారు. పగలంతా పనే, రాత్రీ పనే. అత్తగారితో చెబితే మేమంతా ఇలాగే బతికాం అంటారు. నేనే సర్దుకోలేకపోతున్నానా?
— ఒక పాఠకురాలు, పోచంపల్లి

మీలో లోపమేం లేదు తల్లీ. మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. అత్తగారి మాటా అబద్ధం కాదు. వాళ్ల రోజుల్లో వీధి కూడా ఇంట్లో భాగమే, పడుగు చాపి గంజి పెట్టింది వీధిలో, బేరగాళ్లు కూర్చున్నది అరుగు మీద. ఇప్పుడు వీధి నిండా బళ్లు తిరుగుతున్నాయి, అరుగులు రోడ్డు కింద పోయాయి. బయట జరిగే పనంతా ఇంట్లోకి జరిగింది. అది మీ మీద పడింది.

నేత ఇళ్ల ప్లాన్లు చాలా చూశాను. మగ్గానికి కొలతలుంటాయి, ఆసుకు ఉంటాయి. ఆసు దగ్గర ఆడవాళ్లు పడే భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం గారు 1999లో తయారుచేసిన మిషనుకు కూడా చోటు గీస్తున్నారు. కండెలు చుట్టే మనిషి ఎక్కడ కూర్చుంటుందో మాత్రం ఎవరూ గీయరు. ఆవిడ పొయ్యి దగ్గరో, గుమ్మంలోనో, దీపం లేని మూలనో కూర్చుంటుంది. కాబట్టి ముందు మీ చోటు తేల్చండి: కిటికీ పక్కన, గోడకు వీపు ఆనేలా, కాళ్లు చాపుకునేంత, పైన ఫ్యానుతో. అది చెరగని చోటు అని ఇంట్లో అందరికీ తెలియాలి.

ఆ తర్వాత దారి మార్చండి. వచ్చినవాళ్లకు ముందు గదిలోనే చాప, చీరల బీరువా, మంచినీళ్లు పెట్టేస్తే లోపలికి రావాల్సిన అవసరమే ఉండదు. వంటింటికి పక్క సందులోంచి ఇంకో గుమ్మం తీయగలిగితే ఇల్లు ఇల్లుగా మిగులుతుంది. అలసట, విసుగు మామూలే. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటితే మాత్రం అది ఇంటి ప్లానుతో తీరేది కాదు, డాక్టరుతో మాట్లాడండి. మొహమాటపడకండి.

వెండి తీగ పని మాది. కొలిమి ఆగ్నేయంలో పెట్టలేదని బంధువులు భయపెడుతున్నారు. స్థలం పశ్చిమం వైపే ఉంది. కీడు జరుగుతుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

మీ నమ్మకాన్ని కాదనను, దానిలో ఉన్న గాలి లెక్క మాత్రం చెబుతాను. వానాకాలమంతా మన దగ్గర గాలి నైరుతి, పడమర నుంచి వీస్తుంది. కొలిమి తూర్పు వైపు ఉంటే పొగ ఇంటికి దూరంగా పోతుంది, పడమర ఉంటే ఇంట్లోకి వస్తుంది. పడమరే తప్పనప్పుడు కొలిమికి పొగగొట్టం పెట్టి, దాన్ని ఇంటి కప్పుకన్నా మూడడుగులు పైకి లేపండి, అటు తెరుచుకునే పడకగది కిటికీ లేకుండా చూసుకోండి. దిక్కు కుదరలేదని పనిగదికి ఉన్న కిటికీని మాత్రం ఇటుకలతో మూయొద్దు. అసలైన కీడు అక్కడే ఉంది.

అపార్టుమెంటు బాల్కనీలో మట్టిపాత్రలు కాల్చే చిన్న కరెంటు బట్టీ పెట్టాలని ఉంది. బాల్కనీ కూలుతుందని మావారి భయం.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఇళ్ల గదులను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కేసి కడతారు. చిన్న బట్టీ బరువు దానికి లోబడే ఉండొచ్చు, అయినా బాల్కనీ కొసన కాకుండా గోడ వైపు, దూలం మీద ఉంచాలి. పాత కట్టడం అయితే స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం తీసుకోండి. ఆరు కిలోవాట్ల బట్టీ 26 ఆంపియర్లు లాగుతుంది, మామూలు ప్లగ్గు దానికి పనికిరాదు, మీటరు దగ్గర నుంచి వేరే తీగ రావాలి. గోడకు అడుగున్నర ఎడం ఉంచండి. తొలి కాల్పులో మొదటి గంటల్లో వచ్చే వాసన మామూలే, అయితే తలనొప్పి, వికారం వస్తే కార్బన్ మోనాక్సైడ్ అయ్యుండొచ్చు, బయటికి వచ్చేయండి. ఎండిన మట్టిని చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతోనే తుడవండి.

ఇంటి మీటరు మీదే లేత్, డ్రిల్లింగ్ మిషన్లు నడుపుతున్నాను. కరెంటు దొంగతనం కేసు పెడతారని ఒకరు బెదిరించారు. జైలుకు పంపుతారా?
— ఒక పాఠకుడు, వరంగల్

మీటరు గుండానే వాడుతూ బిల్లు కడుతున్నారు కదా, దాన్ని మామూలుగా దొంగతనం అనరు. ఇంటికని తీసుకున్న కరెంటును పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కిందికి వస్తుంది. అది సాధారణంగా జైలు వ్యవహారం కాదు, ఆ వాడకానికి రెట్టింపు ధర కట్టమంటారు. వాళ్లు వచ్చేలోపు మీరే సెక్షన్ ఆఫీసుకు వెళ్లి రెండో మీటరుకు దరఖాస్తు పెట్టండి. వడ్రంగం, కమ్మరం, బంగారు పని, కుమ్మరంలాంటి పనులకు 10 హార్స్‌పవర్ మించని లోడు ఉంటే కుటీర పరిశ్రమల టారిఫ్ ఉంది, మీ పని అందులోకి వస్తుందేమో అక్కడే అడగండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ఆ కాగితం చేతిలో ఉంటే మాట్లాడటం తేలిక.

రేకుల కప్పు కింద నకాషీ బొమ్మలు వేస్తాం. ఏప్రిల్ నుంచి కూర్చోలేకపోతున్నాం, అమ్మ రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

అమ్మగారిని ఒకసారి డాక్టరుకు చూపించండి, రెండుసార్లు పడటం వదిలేసేది కాదు. చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ, నీళ్లు చల్లుతూ 108కి ఫోన్ చేయాలి. రేకుల మీద తెల్లటి కూల్‌రూఫ్ రంగు వేయించండి, లోపల జానెడు ఖాళీ వదిలి పలుచటి సీలింగ్ కట్టి, ఆ ఖాళీలోంచి వేడిగాలి పోయేలా రెండు కొసలా జాలీలు పెట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్‌రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే.

మా షెడ్డులో అర్ధరాత్రి దానంతటదే పొగ వచ్చింది. ఎవరూ లేరు, కరెంటు ఆపే ఉంది. ఎవరో చేతబడి చేశారంటున్నారు.
— ఒక పాఠకుడు, కాకినాడ

చేతబడి కాదు, భయపడకండి. పాలిష్‌కు అవిసె నూనె వాడే ఉంటారు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే అంటుకుంటాయి. వాడిన గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి గట్టిపడేదాకా ఆరేయండి, లేదా మూతున్న డబ్బాలో నీళ్లు పోసి ముంచండి. ఈసారి పొగ అన్నారు కానీ, పక్కన థిన్నర్ డబ్బా ఉండుంటే మంట అయ్యేది. పైన ఇల్లుంటే థిన్నర్ నిల్వ షెడ్డులో వద్దు.

కింద పనిగది కట్టబోతున్నాను. మా అబ్బాయి చదువుకుంటున్నాడు, ఈ పనిలోకి రాడు. నా తర్వాత ఆ గది దండగ అవుతుందేమో?
— ఒక పాఠకుడు, తెనాలి

దండగ కాదు, దాన్ని ముందునుంచే వేరు చేయగలిగేలా కట్టండి. వీధిలోంచి సొంత గుమ్మం, సొంత మీటరు, రెండు వైపుల కిటికీలు, మూలన చిన్న మరుగుదొడ్డి ఉంటే అది రేపు అద్దెకు పోతుంది, లేదా మోకాళ్ల నొప్పులొచ్చాక మీరే పడుకునే గది అవుతుంది. గుమ్మం మూడున్నర అడుగులకు తగ్గకుండా పెట్టండి, మిషను వెళ్లాలన్నా చక్రాల కుర్చీ వెళ్లాలన్నా అంత కావాలి. ఇప్పుడు డబ్బు చాలకపోతే మరుగుదొడ్డి గది తర్వాత కట్టుకోవచ్చు. నేల వేసేముందే నీళ్ల గొట్టం, డ్రైనేజీ గొట్టం మాత్రం వేయించి బిరడా బిగించి ఉంచండి, తర్వాత నేల పగలగొట్టి వేయించాలంటే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.